ఒక కంప్యూటర్, రెండు వాటాలు

(చెన్నై టి. నగర్‌లో తెలుగువారి సమావేశంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. ల్యాప్‌టాప్‌లు వెంట తెచ్చుకొమ్మని చెప్పాం, చాలామంది తెచ్చారు. దయచేసి వాటిని ఇంకా తెరవకండి. ఒకే కంప్యూటర్లో విండోస్ పక్కనే లినక్స్ అనే ఉచిత నిర్వహణ వ్యవస్థను కూడా పెట్టుకోవడం గురించి ముందు మాట్లాడుకోవలసినవి కొన్ని ఉన్నాయి.

వావిళ్ల వారి కాలం నుంచి ఈ ఊళ్లో తెలుగు అచ్చవుతూనే ఉంది. శుభలేఖలు, గుడి ఉత్సవాల కరపత్రాలు, సంఘాల సంచికలు కూర్చేవాళ్లు ఈ సభలోనూ ఉన్నారు. వాళ్ల బల్ల మీద పుటలు కూర్చే పేజ్‌మేకర్, అను తెలుగు ఫాంట్లు ఇప్పటికీ నడుస్తున్నాయి. పేజ్‌మేకర్ చివరి ప్రధాన విడుదల వచ్చింది 2001లో. అను ఫాంట్లలో కొట్టిన పాఠం యూనికోడ్ కాదు, అంటే అన్ని కంప్యూటర్లూ ఒకేలా గుర్తించే అక్షర సంకేతాల్లో ఉండదు. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే తెలుగుకు బదులు అర్థంలేని గుర్తులు కనిపిస్తాయి. ఏళ్ల తరబడి పోగైన పని అంతా ఆ ఫైళ్లలోనే ఉంది. విండోస్ వదిలేయండి అని వాళ్లకు చెప్పడం అన్యాయం. ట్యాలీలో లెక్కలు రాసే వ్యాపారులకూ ఇదే వర్తిస్తుంది.

మరోవైపు, విండోస్ 10కి ఉచిత భద్రతా నవీకరణలు 2025 అక్టోబర్ 14తో ముగిశాయి. అదనపు గడువు కోసం నమోదు చేసుకున్న ఇళ్ల కంప్యూటర్లకు ఇంకొక్క ఏడాది ఇచ్చారు. విండోస్ 11 ఎక్కించాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి, ప్రాసెసర్ వాళ్ల జాబితాలో ఉండాలి. ఇంటెల్‌లో దాదాపు ఎనిమిదో తరానికి ముందువన్నీ ఈ లెక్కలో తప్పిపోతాయి. అందువల్ల మంచి కీబోర్డు, మంచి తెర, చక్కగా పనిచేసే యంత్రం ఉన్నా, రిచీ స్ట్రీట్‌కు వెళ్లి కొత్తది కొనుక్కోవడమే దారి అనుకుంటున్నారు. నేను ఈ రోజు వచ్చింది ఆ మాట ఒప్పుకోలేకే. పాత పనికి విండోస్‌ను ఇంటర్నెట్ తీసేసి ఉంచుకోండి. బ్యాంకు, మెయిల్, చదువు, రోజువారీ పనులకు పక్కనే లినక్స్ పెట్టుకోండి.

ఒకే ఇంటిని రెండు వాటాలు చేసినట్టు, ఒకే డిస్కును రెండు భాగాలు చేస్తాం. యంత్రం వెలిగించగానే గ్రబ్ అనే చిన్న పట్టిక ఏ వాటాలోకి వెళతారని అడుగుతుంది. ఒక్క తేడా ఉంది: ఇక్కడ ఒక వాటాలో దీపం వెలిగితే రెండోది చీకటిగానే ఉంటుంది, రెండూ ఒకేసారి నడవవు. విండోస్ భాగంలోని ఫైళ్లను లినక్స్ తెరవగలదు. లినక్స్ భాగాన్ని విండోస్ తనంతట తాను చదవలేదు. అందుకని రెండు చోట్లా కావలసిన ఫైళ్లను విండోస్ వైపే ఉంచుకోండి.

ఈ ఏర్పాటు మన ఊరికి కొత్తదేమీ కాదు. బాస్ అనే భారతీయ లినక్స్‌ను తయారుచేసింది కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడాక్‌కు చెన్నైలో ఉన్న కేంద్రమే. 2011లో తమిళనాడు ప్రభుత్వం విద్యార్థులకు ఉచితంగా ల్యాప్‌టాప్‌లు పంచడం మొదలుపెట్టినప్పుడు వాటిలో విండోస్ పక్కన బాస్ లినక్స్ కూడా ఉండేది. పల్లెటూరి పిల్లలు అప్పుడే ఈ పట్టిక చూశారు.

ఇక అసలు సంగతికి వస్తాను. లినక్స్ ఎక్కించడం అరగంట పని. దానికి ముందు చేసుకునే ఏర్పాట్లే ముఖ్యం, నేను ఎక్కువసేపు మాట్లాడబోయేది వాటి గురించే.

మొదటిది బిట్‌లాకర్, అంటే విండోస్ డిస్కుకు వేసే తాళం. మీ డిస్కుకు తాళం పడి ఉందన్న సంగతి మీకే తెలియకపోవచ్చు. చాలా ల్యాప్‌టాప్‌లలో, మైక్రోసాఫ్ట్ ఖాతాతో మొదటిసారి తెరవగానే డిస్కు గుప్తీకరణ దానంతట అదే మొదలవుతుంది. రోజూ అది కనిపించదు. యంత్రం మొదలయ్యే తీరును నిర్ణయించే బూట్ అమరికల్లో ఏదైనా మార్చగానే నీలం తెర వచ్చి 48 అంకెల కీ అడుగుతుంది. ఆరేసి అంకెలు చొప్పున ఎనిమిది గుంపులు. అది లేకపోతే లోపలున్న ఫొటోలు, ఫైళ్లు ఎవరూ తీయలేరు, మరమ్మతు చేసేవారూ తీయలేరు. కీ సాధారణంగా ఆ ఖాతాలోనే భద్రమై ఉంటుంది. అయితే ఎవరి ఖాతా? మన ఇళ్లల్లో కొత్త ల్యాప్‌టాప్ తెరిచి ఇచ్చేది అబ్బాయో, అల్లుడో. వాళ్లు ఇప్పుడు హ్యూస్టన్‌లో ఉండవచ్చు. ఫోన్ చేసి కనుక్కోండి. కీని కాగితం మీద రాసి ఇంటి పత్రాలతో పాటు పెట్టండి. ఆ ల్యాప్‌టాప్‌లోనే ఫైలుగా దాచుకుంటే అవసరానికి చేతికి అందదు.

రెండోది నకలు. బయటి డిస్కులోకి అన్నీ కాపీ చేసుకుని, అందులోంచి రెండు మూడు ఫైళ్లు మరో కంప్యూటర్లో తెరిచి చూడండి. తెరుచుకుంటేనే అది నకలు.

మూడోది ఫాస్ట్ స్టార్టప్. విండోస్‌ను ఆపేశామని మనం అనుకుంటాం గానీ, ఈ సదుపాయం ఉన్నప్పుడు అది తన స్థితిని డిస్కు మీద దాచుకుని పడుకుంటుంది, పూర్తిగా ఆగదు. ఆ స్థితిలో లినక్స్ వెళ్లి అదే భాగంలో రాస్తే ఫైళ్లు పాడయ్యే ప్రమాదం ఉంది. అందుకే లినక్స్ చాలాసార్లు ఆ భాగాన్ని చదవడానికి మాత్రమే తెరుస్తుంది. మీ ఫైలు సేవ్ కావడం లేదంటే కారణం తరచుగా ఇదే. కంట్రోల్ ప్యానెల్‌లోని పవర్ అమరికల్లో దీన్ని తీసేయండి.

లినక్స్‌కు చోటు కోసం విండోస్ భాగాన్ని విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్‌తోనే తగ్గించండి. తన భాగం సంగతి విండోస్‌కే బాగా తెలుసు. లినక్స్‌కు 60 జీబీ ఇస్తే సౌకర్యంగా ఉంటుంది. డిస్కులో ఎంతో ఖాళీ కనిపిస్తున్నా కొద్దిగానే తగ్గిస్తానంటే, కదలని ఫైలు ఏదో మధ్యలో ఉందని అర్థం. హైబర్నేషన్, అంటే స్థితిని డిస్కు మీద దాచుకుని పడుకునే సదుపాయాన్ని తీసేసి మళ్లీ ప్రయత్నించండి.

ఇన్ని చేశాక మిగతాది సులువు. లినక్స్ రకాల్లో ఉబుంటు గానీ లినక్స్ మింట్ గానీ పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించి, దాని నుంచే యంత్రాన్ని వెలిగించండి. డెల్, లెనోవోలలో ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9 నొక్కితే ఎంపిక వస్తుంది. ఏమీ ఎక్కించకుండానే అందులో వైఫై, శబ్దం, తెలుగు టైపింగ్ చూసుకోవచ్చు. నచ్చితేనే ముందుకు వెళ్లండి. విండోస్ పక్కన ఎక్కించు అనే ఎంపికను తీసుకోండి. డిస్కు మొత్తం చెరిపే ఎంపిక కూడా ఆ తెర మీదే ఉంటుంది, ఒకటికి రెండుసార్లు చదవండి. నమ్మదగిన వ్యవస్థలనే మొదలవనిచ్చే సెక్యూర్ బూట్ అనే రక్షణను తీసేయమని సలహాలు ఇస్తుంటారు. ఉబుంటుకూ మింట్‌కూ ఆ అవసరం లేదు.

ఎక్కించాక మర్నాడు విండోస్ తెరిస్తే గడియారం ఐదున్నర గంటలు వెనక్కి వెళ్లి కనిపించవచ్చు. కంగారు పడకండి. యంత్రంలోని గడియారాన్ని విండోస్ మన సమయంగా చదువుతుంది, లినక్స్ అంతర్జాతీయ ప్రామాణిక సమయంగా రాస్తుంది. భారత కాలానికీ దానికీ ఉన్న తేడా సరిగ్గా అంతే. తెల్లవారుజామున చూస్తే తేదీ కూడా నిన్నటిదే కనిపిస్తుంది. స్థానిక సమయాన్నే వాడమని లినక్స్‌కు ఒక్క ఆదేశం ఇస్తే సర్దుకుంటుంది.

విండోస్‌కు ఇంటర్నెట్ ఉంచి నవీకరణలు తీసుకుంటున్నవారు ఒకటి గుర్తుంచుకోండి. 2024 ఆగస్టులో వచ్చిన నవీకరణ ఒకటి, రెండు వ్యవస్థలున్న ఎన్నో యంత్రాల్లో లినక్స్‌ను లేవనివ్వలేదు. అక్కడి ఫైళ్లు పోలేదు, దారి మాత్రమే మూసుకుపోయింది. లినక్స్ పెన్ డ్రైవ్‌ను చెరపకుండా దాచుకోండి, మరమ్మతుకు పనికొస్తుంది.

ఇది అందరికీ అవసరమని నేను అనను. లినక్స్ ఆదేశాలు నేర్చుకోవడమే లక్ష్యమైన ఇంజనీరింగ్ విద్యార్థికి విండోస్‌లోనే ఒక కిటికీలో మరో కంప్యూటర్‌లా నడిచే వర్చువల్ మెషీన్ సరిపోతుంది. డెస్క్‌టాప్ ఉన్నవారు రెండో ఎస్‌ఎస్‌డీ డిస్కు కొని దానిలోనే లినక్స్ ఎక్కించుకుంటే ఈ విభజన ప్రమాదాలు చాలావరకు తప్పుతాయి. వీలున్న చోట నేను దానికే ఓటు వేస్తాను.

అచ్చుపని చేసే మిత్రులకు ఇంకొక మాట. లినక్స్ వైపు యూనికోడ్ తెలుగు హాయిగా నడుస్తుంది, భారతీయ భాషలకు ప్రామాణికమైన ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు అమరిక అందులోనే ఉంటుంది. అను ఫైళ్లను యూనికోడ్‌లోకి మార్చే సాధనాలు ఉన్నాయి. మార్పిడిలో ఒత్తులు అటూ ఇటూ అవుతాయి కాబట్టి ప్రతి పుటనూ చదివి దిద్దుకోవాలి. అది నిదానంగా సాగే పని. ఆ పని పూర్తయ్యేదాకా విండోస్ వాటా తలుపు మూసేయకండి.

ఇప్పుడు పెన్ డ్రైవ్‌లు బల్లల మీద పెట్టిస్తున్నాను. బిట్‌లాకర్ కీ కాగితం మీద ఉన్నవారు, తాళం పడలేదని తేల్చుకున్నవారు ఎడమవైపు రండి. మిగిలినవారు కుడివైపు కూర్చోండి, ముందు ఆ కీ సంగతి చూద్దాం.