ఆవలింతకి ఒక పాయింటు

హోస్ట్: రికార్డింగ్ ఆన్ అయ్యిందక్కా. ఇవాళ మనతో మాట్లాడుతున్నది మా కామారెడ్డి అక్క, అమెరికాలోని ఒహాయోలో ఎన్‌ఐసీయూ నర్సు, అంటే జబ్బుగా పుట్టిన పసిపిల్లల్ని చూసుకునే వార్డులో. పేరు చెప్పొద్దంది, సరే. టాపిక్ కొంచెం కష్టమైనదే: మత్తుకి అలవాటు పడ్డ తల్లి, ఆమె ఒళ్లో పసిపిల్ల. అక్కా, అలాంటి పాప పుట్టగానే ఎలా ఉంటుంది?

అక్క: పుట్టగానే చాలాసార్లు మామూలుగానే ఉంటుంది తమ్ముడూ. ఒకటి రెండు రోజులకి మొదలవుతుంది. కడుపులో ఉన్నన్నాళ్లూ హెరాయినో, ఫెంటనిలో, నొప్పి మాత్రలో తల్లి నుంచి అందుతూనే ఉంటాయి కదా, బొడ్డు కోయగానే సప్లై బంద్. గదవ వణుకుతుంది, పిడికిళ్లు విప్పదు, వరసగా తుమ్ముతుంది, ఆకలేస్తున్నా పాలు సరిగ్గా పట్టుకోలేక తల అటూ ఇటూ కొట్టుకుంటుంది. ఇక ఆ ఏడుపు, సన్నగా, కీచుగా... డ్యూటీ అయిపోయి కారులో కూర్చున్నాక కూడా చెవుల్లోనే ఉంటుంది. కాళ్లూ చేతులూ దగ్గరికి చేర్చి గుడ్డలో చుట్టి, లైట్లు తగ్గించి, ఛాతీకి ఆనించుకుంటే కాస్త నెమ్మదిస్తుంది.

హోస్ట్: మందులేమీ ఇవ్వరా?

అక్క: అవసరమైతే మార్ఫిన్ చుక్కలు ఇస్తాం. ఫిలడెల్ఫియాలో లోరెటా ఫిన్నెగన్ అనే డాక్టరు 1970లలో ఒక షీటు తయారుచేసింది. తుమ్ములకి ఇన్ని పాయింట్లు, వణుకుకి ఇన్ని, మరీ ఎక్కువగా ఆవలిస్తే దానికీ ఒక పాయింటు. మూడు నాలుగు గంటలకోసారి కూడటం, లెక్క దాటితే మార్ఫిన్. నేను చేరిన కొత్తలో పాప లోపల మెషీన్ల మధ్య, తల్లి బయట కుర్చీలో ఉండేవాళ్లు. ఆ తర్వాత యేల్ యూనివర్సిటీలో మాథ్యూ గ్రాస్‌మన్ అనే డాక్టరు వాళ్లు దీన్ని తిరగేశారు. పాలు తాగుతోందా, గంటసేపైనా లేవకుండా నిద్రపోతోందా, ఎత్తుకుంటే పది నిమిషాల్లో ఊరుకుంటోందా, ఈ మూడే చూడండి, ముందు తల్లిని పక్కన ఉంచండి అన్నారు. ఈ పద్ధతిని పాతదానితో పోలుస్తూ 26 ఆసుపత్రుల్లో, 1,305 మంది పిల్లలతో చేసిన ట్రయల్ 2023లో వచ్చింది. ఇంటికి పంపడానికి సగటున 14.9 రోజులు పట్టేది 8.2కి దిగింది. మందు పడాల్సి వచ్చిన పిల్లలు 52 శాతం నుంచి 19.5 శాతానికి తగ్గారు.

హోస్ట్: అంటే తల్లే మందు అన్నమాట.

అక్క: వినడానికి బాగుంటుంది రా, కానీ అసలు గొడవ ఇంటికెళ్లాకే. పాప నవ్వితే తల్లి మెదడులో సంతోషం పుట్టించే భాగాలు వెలుగుతాయని స్కానింగులు చేసి చూశారు, డోపమీన్ అనే రసాయనం పనిచేసే చోటే. డ్రగ్ ఆక్రమించుకునేది కూడా ఆ చోటునే. అప్పుడేమవుతుంది, పాప నవ్వు కనిపిస్తుంది కానీ రావాల్సినంత సంతోషం రాదు, పాప ఏడుపేమో మామూలు తల్లికన్నా ఎక్కువ టెన్షన్ పెడుతుంది, టెన్షన్ వస్తే మళ్లీ మత్తు మీదికే మనసు పోతుంది. పైగా ఈ పిల్లలు మామూలు పిల్లలకన్నా ఎక్కువ ఏడుస్తారు. ప్రేమ లేక కాదు ఇదంతా. డిశ్చార్జి రోజు పాప సాక్స్ మడతపెడుతూ ఏడ్చే తల్లుల్ని ఎంతమందిని చూశానో.

హోస్ట్: పాపకి అదంతా తెలుస్తుందా? అంత చిన్నప్పుడు?

అక్క: ఎడ్వర్డ్ ట్రోనిక్ అని ఒక సైకాలజిస్టు 1970లలోనే చేసి చూపించాడు. తల్లి కాసేపు బిడ్డతో ఆడుతుంది, తర్వాత రెండు మూడు నిమిషాలు ముఖం బొమ్మలా పెడుతుంది, అంతే. బిడ్డ ముందు నవ్వుతుంది, చెయ్యి చాపుతుంది, కేక పెడుతుంది. ఏదీ పనిచేయకపోతే ముఖం తిప్పేసుకుంటుంది. మత్తులో ఉన్న తల్లి ముఖం గంటల తరబడి అలాగే ఉంటుందని నాకనిపిస్తుంది, ఇది నా మాట, ఆయన మాట కాదు. ఏడాదిన్నర, రెండేళ్లు వచ్చాక ఇంకో రకం. నిన్న పాలు ఒలకబోస్తే అమ్మ పడీపడీ నవ్వింది, ఇవాళ అవే పాలకి వీపు మోగింది. ఏ రోజు ఏ అమ్మ ఉంటుందో తెలియని పిల్లలు ఆట మానేసి అమ్మ ముఖాన్నే చూస్తూ కూర్చుంటారు.

హోస్ట్: వింటుంటే ఆ పిల్లల పని అయిపోయినట్టే అనిపిస్తోంది.

అక్క: అలా అనకు. 1980లలో కొకైన్ తల్లుల పిల్లలు ఇక పనికిరారని అమెరికా పేపర్లన్నీ రాశాయి. ఫిలడెల్ఫియాలోనే హాలమ్ హర్ట్ అనే డాక్టరు 1989లో మొదలుపెట్టి 224 మంది పిల్లల్ని ఏళ్ల తరబడి వెంటపడి చూసింది, సగం మంది కొకైన్ తల్లుల పిల్లలు, సగం మంది కాదు, అందరూ పేదవాళ్లే. నాలుగేళ్లప్పుడు సగటు ఐక్యూ కొకైన్ తల్లుల పిల్లలకి 79, మిగతావాళ్లకి 81.9. రెండు గుంపులూ వెనకబడే ఉన్నాయి. పేదరికాన్ని వదిలేసి అందరూ తల్లిని తిడుతూ కూర్చున్నారు.

హోస్ట్: మన దగ్గర హెరాయిన్ అంతగా లేదు కదా అక్కా.

అక్క: మందు కల్లు లేదా? మన జిల్లాలో బీడీలు చుట్టే ఆడవాళ్లు నడుం నొప్పికని సాయంత్రం ఒక సీసా పట్టడం నేను చూస్తూనే పెరిగాను. దాంట్లో కలిపేది అల్ప్రాజోలం, డయాజిపాం, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తు మందులు. 2025 జులైలో హైదరాబాద్ కూకట్‌పల్లి వైపు ఆ కల్లు తాగి జనం చనిపోతే అందరూ ఉలిక్కిపడ్డారు గానీ, ఊళ్లల్లో అది ఎప్పటిదో. అల్ప్రాజోలం లాంటివి కడుపులో బిడ్డకీ చేరతాయి, పాలల్లోకీ వస్తాయి. బిడ్డ మెత్తగా గుడ్డపీలికలా పడి ఉంటుంది, పాలకి లేవదు. మా వాడకట్టులో అయితే 'మంచి పిల్ల, ఏడవదు' అని మురిసేవాళ్లు.

హోస్ట్: అయ్యో. మరి మానేయమని చెప్తే?

అక్క: ఒక్క రోజులో మానేయమని మాత్రం చెప్పకు. కల్లు దుకాణాలు బంద్ పెట్టినప్పుడల్లా ఫిట్స్ వచ్చి దవాఖానాలు నిండేది అందుకే. డాక్టరు చూస్తూ కొంచెం కొంచెంగా తగ్గించాలి. ఇక్కడ అమెరికాలో హెరాయిన్ లాంటివాటికి అలవాటు పడ్డ గర్భిణికి బదులుగా మెథడోన్ గానీ బ్యుప్రెనార్ఫిన్ గానీ అనే మందు ఇస్తారు, అది పద్ధతిగా వాడుతూ వేరే మత్తు ముట్టని తల్లి సాధారణంగా పాలు కూడా ఇవ్వొచ్చు. మన దగ్గర 14416కి ఫోన్ చేస్తే టెలి మానస్ అనే సర్కారు మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ వాళ్లు తెలుగులో మాట్లాడతారు. అత్తగారు పక్కన లేనప్పుడు చేసుకోవాలి, అది వేరే కథ.

హోస్ట్: (నవ్వు) నీకు గుర్తుండిపోయిన తల్లి ఎవరైనా?

అక్క: ఒకమ్మాయి ఉంది, ఇరవై రెండేళ్లుంటాయి. మొదట్లో పాప ఏడిస్తే 'నేనంటే దీనికి పడదు' అనేది. అప్పుడు పక్కన కూర్చుని, సరే, ఇప్పుడు పాప ఏమనుకుంటోంది చెప్పు, అని అడిగేదాన్ని. యేల్‌లో నాన్సీ సచ్‌మన్ అనే ఆవిడ ఇలాంటి తల్లుల కోసం ఇదే ప్రశ్న చుట్టూ ఒక థెరపీ కట్టింది. వారం రోజులు 'నాకేం తెలుసు' అనే జవాబే. తొమ్మిదో రోజో పదో రోజో, పాప ఆవలించింది. నేను అలవాటుగా పెన్ను తీశాను. ఆమె నా చెయ్యి పట్టుకుని ఆపి, 'రాయకు, దానికి నిద్రొస్తోంది, ఆ లైటు ఆపు' అంది.

హోస్ట్: ఆపావా?

అక్క: ఆపేశా. పెన్ను కూడా జేబులో పెట్టుకున్నా.