ఖర్చు కాని డబ్బు ఎక్కడికి పోతుంది?

సభకు నమస్కారం.

ఇంటి అప్పును గడువుకు ముందే తీర్చుకోవడం గురించి మాట్లాడమని అడిగినప్పుడు నిర్వాహకులు నాకు ఒక షరతు కూడా పెట్టారు. జీతాలు పెరగడం, ఆస్తులు కలిసిరావడం వంటి పెద్ద సంగతుల జోలికి పోకుండా, ఏ ఇంట్లోనైనా రోజూ చేసుకోగల చిన్న పొదుపులకే పరిమితం కావాలన్నారు. ఆ షరతు నాకు నచ్చింది. ఈ విషయం మీద మనం వినే సలహాల్లో సగం, డబ్బున్నవారు మరింత డబ్బున్నవారికి చెప్పుకునేవి. మిగతా సగం, దీపాలు ఆర్పమనీ కుళాయిలు కట్టమనీ చెప్పి, అలా మిగిలిన డబ్బు అప్పు దాకా ఎలా చేరుతుందో చెప్పకుండానే ముగిసేవి. ఇంట్లో మిగిలిన డబ్బుకూ అప్పు ఖాతాకూ మధ్య ఉన్న ఆ దారి గురించే నేను ఎక్కువగా మాట్లాడబోతున్నాను.

ముందుగా అప్పు నడిచే తీరు చూద్దాం. నాణెం పేరు చెప్పను, ఏ దేశపు డబ్బైనా లెక్క మారదు. ఏడాదికి 8 శాతం వడ్డీతో 20 ఏళ్లలో తీర్చే షరతు మీద 1,00,000 అప్పు తీసుకున్నారనుకోండి. నెల వాయిదా సుమారు 836 అవుతుంది. మొదటి నెల కట్టిన ఆ 836లో 667 దాకా వడ్డీకే పోయి, అసలులో తగ్గేది 170 లోపే. కట్టేకొద్దీ బాకీ తగ్గి, దానితో పాటు వడ్డీ భాగమూ తగ్గుతుంది గానీ, ఆ తగ్గుదల మనం ఊహించినంత చురుకైనది కాదు. వాయిదాలో వడ్డీ కంటే అసలు ఎక్కువయ్యే నెల 137వది, అంటే పన్నెండో ఏడు నడుస్తూ ఉండగా వస్తుంది. ఐదేళ్లు, అంటే గడువులో నాలుగోవంతు, ఒక్క వాయిదా కూడా తప్పకుండా కట్టిన మనిషి ఆ తర్వాత బాకీ ఎంత ఉందని చూసుకుంటే ఇంకా 87,500కు పైనే కనిపిస్తుంది. చాలామంది ఆ అంకె చూసి బ్యాంకు ఏదో పొరపాటు చేసిందనుకుంటారు. పొరపాటేమీ లేదు, తగ్గుతున్న బాకీ మీద వడ్డీ కడుతూ వాయిదాను సమానంగా ఉంచితే లెక్క ఇలాగే నడుస్తుంది.

చిన్న మొత్తాలకు బలం వచ్చేది కూడా ఇందువల్లనే. వాయిదాకు మించి మనం కట్టే ప్రతి పైసా, సరిగ్గా జమ చేయించుకుంటే, వడ్డీతో నిమిత్తం లేకుండా నేరుగా అసలులోకి వెళుతుంది. మొదటి ఏడు చివర అదనంగా ఒక్కసారి 1,000 కట్టి, నెల వాయిదాను మార్చకుండా ఉంచితే, గడువు చివర మనం కట్టనక్కరలేకుండా పోయే మొత్తం సుమారు నాలుగున్నర వేలు. అదే వెయ్యి పదో ఏడు చివర కడితే తప్పేది రెండు వేల రెండు వందల దాకా, పద్దెనిమిదో ఏడు చివరైతే సుమారు 1,170 మాత్రమే. కాబట్టి తొలి ఏళ్లలో కట్టే కొంచెం, చివరి ఏళ్లలో కట్టే చాలా కంటే ఎక్కువ పని చేస్తుంది. అయితే మనలో ఎక్కువమందికి దీనికి విరుద్ధంగా జరుగుతుంది. తొలి ఏళ్లలో కొత్త ఇంటికి సామాన్లు కొంటాం, ఆదాయం కుదురుకున్నాక అప్పు సంగతి చూద్దామనుకుంటాం.

అదనంగా ఎంత కట్టాలి? ఇదే అప్పులో ప్రతి నెలా వాయిదాకు 5 శాతం, అంటే 42 చేర్చి కడుతూ పోతే, 240 నెలల అప్పు 215వ నెలలో తీరిపోతుంది. రెండేళ్లకు పైగా కలిసివస్తుంది, వడ్డీలో సుమారు 12,600 మిగులుతుంది. పది శాతం చేర్చితే 46 నెలల దాకా తగ్గుతాయి, మిగిలే వడ్డీ 22,000 దాటుతుంది. కొన్ని దేశాల్లో నెల వాయిదాను రెండు సగాలు చేసి పదిహేను రోజులకు కాకుండా సరిగ్గా రెండు వారాలకోసారి కట్టే పద్ధతి ఉంది. ఏడాదికి 26 సగాలు, అంటే 13 పూర్తి వాయిదాలు కట్టినట్టవుతుంది. ఆ ఒక్క అదనపు వాయిదా వల్ల మూడేళ్లకు పైగా గడువు తగ్గుతుంది. ఇందులో మాయ ఏమీ లేదు, కట్టేవారికి తెలియకుండానే ఏడాదికి ఒక వాయిదా ఎక్కువ కట్టించడమే దాని రహస్యం.

వాయిదాలో ఐదు, పది శాతం అనేవి ఇంటి ఖర్చులో దొరకని మొత్తాలు కావు. అయితే అవి ఎక్కడ దొరుకుతాయన్న విషయంలో నాకు కొంత పట్టింపు ఉంది. ఇంటి పొదుపులు రెండు రకాలు. ఒకసారి చేసి వదిలేస్తే ఏళ్ల తరబడి తమంతట తాము పని చేసేవి కొన్ని. ప్రతిరోజూ మనసును అదుపులో పెట్టుకుంటేనే సాగేవి మరికొన్ని. మొదటి రకం పూర్తయ్యేదాకా రెండో రకం జోలికి పోవద్దని నేను గట్టిగా చెబుతాను. రోజూ నిగ్రహం కావాల్సిన పొదుపు మూడు నెలలు సాగితే గొప్ప. పైగా చాలా ఇళ్లలో ఆ నిగ్రహపు బరువంతా వంటగది చూసుకునే ఒక్క మనిషి మీదే పడుతుంది. ఇంట్లో ఒకరు కూరగాయల దగ్గర కోత పెట్టుకుంటూ ఉండగా మరొకరు అక్కరలేని ఫోన్ ప్యాకేజీకి ప్రతి నెలా డబ్బు కడుతూ ఉంటే, దాన్ని పొదుపు అనడం నాకు మనస్కరించదు.

ఒకసారి చేసి వదిలేసే పొదుపుల్లో మొదట చూడవలసినవి, బ్యాంకు ఖాతా నుంచి నెలనెలా వాటంతట అవి కోత పడే చెల్లింపులు. గత మూడు నెలల ఖాతా వివరాలు ముందు పెట్టుకుని, ప్రతి కోతకూ ఎదురుగా అది ఎందుకో రాయండి. ఎందుకో గుర్తురానిది ఒక్కటైనా తప్పకుండా ఉంటుంది. ఎవరూ చూడని వీడియో చందాలు, ఎవరూ వెళ్లని వ్యాయామశాల సభ్యత్వం, ఉచితంగా వాడి చూద్దామని మొదలుపెట్టి, మానేద్దామనుకుని మరిచిపోయిన చందాలు అక్కడ బయటపడతాయి. ఆ తర్వాత బీమా పాలసీలు. ఏటా అదే సంస్థకు అదే పాలసీని కళ్లు మూసుకుని పునరుద్ధరించేవారు, పునరుద్ధరణకు నెల ముందు మరో రెండు చోట్ల ధర కనుక్కుంటే చాలాసార్లు తేడా కనిపిస్తుంది. ఇంటర్నెట్‌కూ ఇదే వర్తిస్తుంది. ఒక సాయంత్రం కూర్చుని చేసే ఈ పని, ఏడాది పొడవునా దీపాలు ఆర్పుతూ తిరగడం కంటే ఎక్కువ మిగులుస్తుందని నా అనుభవం.

అలాగని దీపాల దగ్గరి పొదుపునూ తీసిపారేయనవసరం లేదు. 60 వాట్ల పాత బల్బు ఇచ్చే వెలుతురును 9 వాట్ల ఎల్‌ఈడీ ఇస్తుంది. రోజుకు ఐదు గంటలు వెలిగే ఒక్క బల్బు మారిస్తే ఏడాదికి 93 యూనిట్లు తగ్గుతాయి. ఆపినట్టే కనిపిస్తూ లోపల కరెంటు తాగే పరికరాల సంగతి చెప్పుకుంటే, అలాంటి పది వాట్ల పరికరం ఏడాదంతా ప్లగ్గులో ఉంటే 87 యూనిట్లు పైగా లాగుతుంది. స్టాండ్‌బైలో ఒక్కో పరికరం ఒక వాటుకు మించి తీసుకోకూడదన్న ప్రతిపాదనను అంతర్జాతీయ ఇంధన సంస్థ 1999లో ముందుకు తెచ్చింది. ఆ తర్వాత తయారైనవి చాలావరకు మెరుగే గాని, మూల గదిలోని పాత పెట్టెలు అలాగే ఉన్నాయి. సెకనుకో చుక్క కారే కుళాయి, చుక్క పావు మిల్లీలీటరు అనుకున్నా, రోజుకు 21 లీటర్లకు పైగా, ఏడాదికి 7,900 లీటర్ల దాకా పారబోస్తుంది. అది వేడినీటి కుళాయి అయితే నీటితో పాటు కాచిన ఖర్చూ పోతుంది. బట్టలుతికే యంత్రంలో వేడినీటి మీటను చల్లనీటికి మార్చితే ఇంకో ఆదా. యంత్రం వాడే శక్తిలో సింహభాగం నీళ్లు కాగడానికే పోతుంది.

రోజువారీ పొదుపుల్లో నేను మినహాయింపు ఇచ్చేది ఒక్కదానికే, తిండి వృథాకు. 2022లో ప్రపంచం మొత్తం మీద 105 కోట్ల టన్నుల ఆహారం చెత్తలోకి పోయిందని, అందులో దాదాపు 60 శాతం ఇళ్ల నుంచే పోయిందని ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2024 నివేదికలో లెక్కగట్టింది. ఇళ్లలోని వృథాయే తలకు ఏడాదికి 79 కిలోలు. ఇక్కడ పొదుపు అంటే తక్కువ తినడం కాదు, తినబోయేదానికే డబ్బు ఇవ్వడం. బజారుకు వెళ్లేముందు ఫ్రిజ్ తలుపు తీసి చూడటం, పాతవి ముందు వరుసలోకి జరపడం, వారానికి ఒక పూట కొత్తగా ఏమీ కొనకుండా ఉన్నవాటితో వండుకోవడం, ఇంతే. ఇందులో ఎవరూ ఏదీ వదులుకోవడం లేదు కనుకనే ఇది ఎక్కువ కాలం నిలుస్తుంది.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వస్తాను. ఇవన్నీ చేసిన ఇళ్లలో కూడా అప్పు ఎందుకు తగ్గదు? ఖర్చు చేసిన డబ్బుకు రసీదు ఉంటుంది. ఖర్చు చేయని డబ్బుకు ఏమీ ఉండదు. చందా ఒకటి రద్దు చేశాం, బాగుంది, ఆ డబ్బు ఎక్కడుంది? ఖాతాలోనే ఉంది, మిగతా డబ్బులో కలిసిపోయి. నెలాఖరుకు అది ఇంకో రూపంలో ఖర్చైపోతుంది, పైగా పొదుపు చేశామన్న సంతృప్తి ఆ ఖర్చుకు అనుమతి కూడా ఇస్తుంది. మనుషులు డబ్బును మనసులో వేరువేరు అరల్లో పెట్టుకుంటారని, ఏ అరలోని డబ్బును ఆ అర పేరుకు తగినట్టే వాడతారని రిచర్డ్ థేలర్ 1980లలోనే వివరించాడు. ఆర్థికశాస్త్రంలో ఆయనకు 2017లో నోబెల్ బహుమతి వచ్చింది. అర లేని డబ్బు ఎవరిదీ కాదు. అందుచేత పొదుపు చేసిన రోజే ఆ మొత్తానికి ఒక అర కల్పించాలి. చందా రద్దు చేసిన పూటే, అంతే మొత్తాన్ని ప్రతి నెలా అప్పు ఖాతాకు పంపే ఆదేశాన్ని బ్యాంకుకు ఇవ్వండి. కరెంటు బిల్లు నిరుటి ఇదే నెల కంటే ఎంత తగ్గిందో, ఆ తేడాను బిల్లు కట్టిన చేత్తోనే విడి ఖాతాలోకి పంపండి. చిన్న మొత్తాలను రుణదాత తీసుకోకపోతే ఆ విడి ఖాతాలో పోగుచేసి మూడు నెలలకోసారి కట్టండి.

నా విషయంలో జరిగిన ఒక సంగతి చెప్పాలి. మొదటిసారి నేను అదనంగా కట్టినప్పుడు ఏ వివరమూ రాయలేదు. రెండు నెలల తర్వాత చూసుకుంటే, ఆ మొత్తాన్ని వచ్చే వాయిదాకు ముందస్తుగా జమ చేసుకున్నారు. అసలులో ఒక్క పైసా అదనంగా తగ్గలేదు. అప్పటినుంచి రెండు విషయాలు రాతపూర్వకంగా చెప్పనిదే నేను డబ్బు పంపలేదు. ఒకటి, ఇది అసలులోకి జమ కావాలి. రెండు, నెల వాయిదా తగ్గించకుండా గడువు తగ్గించాలి. రెండోది మరీ ముఖ్యం. కొన్ని సంస్థలు మనం అడగకపోతే గడువును అలాగే ఉంచి వాయిదాను కాస్త తగ్గిస్తాయి. అది తేలికగా అనిపిస్తుంది గాని, తగ్గిన ఆ కొంచెం మళ్లీ ఇంటి ఖర్చులో కలిసిపోతుంది. మారే వడ్డీ ఉన్నవారు, రేటు తగ్గినప్పుడు కూడా పాత వాయిదానే కొనసాగించమని కోరవచ్చు. చేతి నుంచి కొత్తగా ఏమీ పెట్టకుండా అప్పు తరగడానికి ఇంతకంటే సులువైన మార్గం లేదు.

ముందస్తుగా కట్టినందుకు రుసుము వేసే ఒప్పందాలు కొన్ని ఉన్నాయి. ముఖ్యంగా స్థిర వడ్డీ అప్పుల్లో ఏడాదికి ఇంత శాతం వరకే ఉచితమని పరిమితి ఉండవచ్చు. ఒప్పందంలో ఆ పేజీ చదవకుండా మొదలుపెట్టవద్దు. అలాగే క్రెడిట్ కార్డు బాకీ ఉన్నవారు ఇంటి అప్పును ముందు తీర్చడం తలకిందుల లెక్క, ఎక్కువ వడ్డీ ఉన్నదే ముందు పోవాలి. మూడు నుంచి ఆరు నెలల ఇంటి ఖర్చు చేతిలో లేనివారు కూడా కొంత ఆగడం మేలు. అసలులోకి వెళ్లిన డబ్బు చాలా అప్పుల్లో మళ్లీ వెనక్కి రాదు, ఉద్యోగం పోయిన నెలలో గోడలు తిండి పెట్టవు. ఇంటి అప్పు వడ్డీ తక్కువే కదా, ఆ డబ్బు వేరే చోట పెడితే ఎక్కువ వస్తుంది కదా అనే వాదన కూడా ఉంది. అది తప్పు కాదు. కానీ 8 శాతం అప్పు తీర్చడమంటే, రావచ్చో రాకపోవచ్చో తెలియని లాభం కాకుండా, కచ్చితంగా 8 శాతం మిగలడం. ఆ కచ్చితత్వానికి మీ ఇంట్లో ఎంత విలువ ఉందో, పన్ను మినహాయింపు ఏమైనా వస్తుందో, మీరే తేల్చుకోవాలి.

చివరగా అప్పు తీరిన రోజు గురించి. ఆస్తి తాకట్టుకు ఇంగ్లీషులో వాడే మార్ట్‌గేజ్ అనే మాట పాత ఫ్రెంచిలో ‘చచ్చిన కుదువ’ అన్న అర్థం నుంచి వచ్చింది. అప్పు తీర్చితే కుదువ రుణదాత చేతిలో చస్తుందని, తీర్చకపోతే ఆస్తి రుణగ్రహీతకు చచ్చినట్టేనని 17వ శతాబ్దంలో ఇంగ్లండు న్యాయవేత్త ఎడ్వర్డ్ కోక్ దానికి వివరణ ఇచ్చాడు. కాగితాల్లో మాత్రం కుదువ తనంతట తాను చావదు. బాకీ లేదన్న పత్రం తీసుకోవాలి, రుణదాత దగ్గర దస్తావేజులు ఉంటే లెక్కచూసి అసలు ప్రతులు వెనక్కి తీసుకోవాలి, ప్రభుత్వ రికార్డులో తాకట్టు నమోదు రద్దయిందో లేదో స్వయంగా చూసుకోవాలి. గడువుకు నాలుగేళ్ల ముందు తీర్చేవారికి ఇది మరింత అవసరం, ఆ తేదీన అటువైపు మీ కోసం ఎవరూ ఎదురుచూస్తూ ఉండరు.

రుణ పత్రాలు వెంట తెచ్చుకున్నవారు ముందు వరుసలోకి రండి. బాకీ, వడ్డీ రేటు, మిగిలిన నెలలు, ఈ మూడు అంకెలు చెబితే, వాయిదాకు ఎంత చేర్చితే ఎన్ని నెలలు తగ్గుతాయో ఇప్పుడే ఈ పలక మీద లెక్క వేసి చూద్దాం.