మినిట్స్ పుస్తకంలోకి ఎక్కని ప్రశ్న

పెద్దలకు, ఈ ఎండలో టి.నగర్ దాకా వచ్చిన మీ అందరికీ నమస్కారం. బోర్డు కూర్పుకూ కంపెనీ లాభాలకూ సంబంధం ఏమిటో చెప్పమన్నారు. ముప్పై ఏళ్లు కంపెనీ సెక్రటరీగా మినిట్స్, అంటే బోర్డు సమావేశంలో జరిగినదాని రికార్డు, రాసినవాణ్ణి. అటువైపు నుంచే చెబుతాను.

1996లో అమెరికాలో డేవిడ్ యెర్మాక్ 452 పెద్ద కంపెనీల లెక్కలు తీశాడు. బోర్డు చిన్నదైతే మార్కెట్ ఆ కంపెనీకి ఎక్కువ విలువ కడుతోందని తేలింది. మరి స్వతంత్ర డైరెక్టర్లు, అంటే యాజమాన్యంతో సంబంధం లేని బయటివాళ్లు, పెరిగితే లాభం పెరుగుతుందా? సంజయ్ భగత్, బెర్నార్డ్ బ్లాక్ 2002లో వెతికితే ఆధారం దొరకలేదు. లాభాలు తగ్గిన కంపెనీలే స్వతంత్రుల్ని పెంచుకుంటున్నాయట, పెంచుకున్నాక కోలుకున్న దాఖలా మాత్రం లేదట. మన 2013 కంపెనీల చట్టం స్టాక్ మార్కెట్లో లిస్టయిన కంపెనీల్లో మూడో వంతు స్వతంత్రులు ఉండాలంది. ఛైర్మన్ ప్రమోటరే, అంటే కంపెనీని చేతిలో పెట్టుకున్న ఆసామే, అయితే సగం ఉండాలని మార్కెట్లను నియంత్రించే సెబీ అంది. ఉండాల్సిందే, కాదనను.

కానీ సత్యం కంప్యూటర్స్ బోర్డులో ఎవరున్నారో గుర్తుందా? హార్వర్డ్ ప్రొఫెసర్, హైదరాబాద్ బిజినెస్ స్కూల్ ఐఎస్‌బీ డీన్, మాజీ కేబినెట్ కార్యదర్శి! 2008 డిసెంబరు 16న ఆ బోర్డే ఛైర్మన్ రామలింగరాజు కుటుంబానికి చెందిన రెండు మేటాస్ కంపెనీల్ని 160 కోట్ల డాలర్లకు కొనడానికి సరేనంది. వాటాదారులు గొడవ చేస్తే గంటల్లోనే వెనక్కి తగ్గారు. 2009 జనవరి 7న తప్పు ఒప్పుకుంటూ రాజు ఉత్తరం వచ్చింది. పుస్తకాల్లో 5,361 కోట్ల నగదు చూపితే, అందులో 5,040 కోట్లు లేనే లేవు. 179 రూపాయల షేరు ఆ సాయంత్రానికి 40కి పడింది. మా అమ్మాయి పెళ్లికని దాచిన షేర్లవి. మీలో ఎందరి ఇళ్లల్లో ఉన్నాయో!

అసలు చెప్పాలనుకున్నది ఇంకోటి. సత్యం కంపెనీ గొడవకు ముందు, అంబత్తూరు వైపు ఒక కంపెనీలో పనిచేశాను. ప్రమోటరు బావమరిది సంస్థకు అప్పివ్వాలని అజెండా వచ్చింది. రిటైరైన బ్యాంకు అధికారి ఒకాయన స్వతంత్ర డైరెక్టరు. ఆయనొక్కడే నోరు తెరిచి అడిగాడు. ఛైర్మన్ “సార్, భోజనానికి ఆలస్యమవుతోంది” అన్నారు. అందరూ నవ్వారు. ఆ ప్రశ్నను మినిట్స్ ముసాయిదాలో రాశాను. ఛైర్మన్ ఎర్ర పెన్నుతో కొట్టేసి, “చర్చించి ఏకగ్రీవంగా ఆమోదించడమైనది” అని రాయించారు. నేను మళ్లీ టైపు చేశాను.

ఆ డబ్బు తిరిగి రాలేదు. ముందు కార్మికుల బోనస్ ఆగింది. తర్వాత విచారణ మొదలైంది. “అడిగాను కదయ్యా, నువ్వు అక్కడే ఉన్నావుగా” అన్నాడాయన వరండాలో నా చెయ్యి పట్టుకుని. ఉద్యోగం పోతుందని తల దించుకున్నాను. ఎర్రగీత పడ్డ కాగితం మా ఇంటి బీరువాలోనే ఉంది.

ఈ సభలో బోర్డుల్లో కూర్చునేవాళ్లున్నారు, సెక్రటరీ కోర్సు చదివే పిల్లలున్నారు. అమ్మా, నాయనా, వినండి. అడిగి ఊరుకోకండి. “నా అసమ్మతి పేరుతో సహా రాయండి” అనండి. రాయక తప్పదు, నియమం ఉంది. సమావేశమైన 15 రోజుల్లో ముసాయిదా మీకు రావాలి. చదివి అభ్యంతరం చెప్పడానికి 7 రోజులుంటాయి. ఆ ఏడు రోజులూ దయచేసి వదులుకోకండి.

ఆ డైరెక్టరుగారు పోయి నాలుగేళ్లయింది. ఆ కాగితం ఇవాళ తెచ్చాను. కొట్టేసిన వాక్యం చదువుతాను, మీరంతా సాక్షులు: “ఈ అప్పుకు హామీ ఏమిటి, ఏ తేదీకి తిరిగి వస్తుంది అని డైరెక్టరు ప్రశ్నించారు.”