బడి పిల్లలకు పరాయిదయ్యేది ఎక్కడ? బోధనా శైలుల రివ్యూ

నమస్తే. ఇవాళ రివ్యూకి తీసుకున్నవి బోధనా శైలులు. చూసేది ఒక్కటే: హైస్కూల్ పిల్లలకు బడి పరాయిదైపోవడాన్ని ఏది పెంచుతుంది, ఏది తగ్గిస్తుంది?

పరాయితనం అంటే బడి ఎగ్గొట్టడమే అనుకోకండి. రోజూ వచ్చి, నోట్సు రాసుకుని, అల్లరి చెయ్యకుండా కూర్చునే పిల్లల్లోనూ ఉంటుంది. అందుకే టీచర్ కంటపడదు, పైగా క్రమశిక్షణలా కనిపిస్తుంది. పరాయీకరణకు ఐదు ముఖాలున్నాయని సామాజిక శాస్త్రవేత్త మెల్విన్ సీమన్ 1959లో రాశారు. వాటిలో తరగతికి బాగా సరిపోయేవి మూడు: నా చేతిలో ఏమీ లేదనిపించడం, చేసే పని ఎందుకో తెలియకపోవడం, నలుగురిలో ఉన్నా ఒంటరైపోవడం.

మొదట ఆదేశ శైలి. టీచర్ చెప్పాలి, పిల్లలు చెయ్యాలి. ల్యాబ్‌లో యాసిడ్ పట్టుకున్నప్పుడు ఇదే సరైనది. రోజంతా ఇదే నడిస్తే మాత్రం ఆ మొదటి ముఖం బయటపడుతుంది. నేనిచ్చే మార్కు ఐదుకి రెండు.

ప్రశ్నలడుగుతూ చెప్పే శైలికి నాలుగు, కానీ ఒక షరతు మీద. ప్రశ్న వేశాక టీచర్లు సగటున ఒక సెకను మాత్రమే ఆగుతున్నారని మేరీ బడ్ రో పరిశోధనలో తేలింది. 3 సెకన్లు ఆగితే జవాబులు పొడవవుతాయి, ఎప్పుడూ మాట్లాడనివాళ్లూ నోరు విప్పుతారు. కాబట్టి ముందు ప్రశ్న, తర్వాత మనసులో మూడు లెక్క, ఆ తర్వాతే పేరు. పేరు ముందే పిలిచారా, మిగతావాళ్లంతా హాయిగా ఆలోచన మానేస్తారు.

గ్రూప్ వర్క్‌కి ఉన్నంత మంచిపేరు దానికి తగదు. ఆరుగురిని కూర్చోబెడితే ఇద్దరు చేస్తారు, నలుగురు చూస్తారు. ఒంటరి పిల్ల ఇంకా ఒంటరవుతుంది. ముగ్గురో నలుగురో చాలు. ఒక్కొక్కరికీ వేరే ముక్క ఇవ్వండి, అది లేకుండా జవాబు పూర్తికాకూడదు. గ్రూపు తరఫున ఎవరు చెప్పాలన్నది పని అయ్యాకే తేల్చండి.

ఎంచుకునే స్వేచ్ఛ విషయంలో మోసం ఎక్కువ. నీలం పెన్నా, నల్ల పెన్నా అనడం స్వేచ్ఛ కాదు. పది లెక్కల్లో ఏ ఆరు చేస్తావో, ఎందుకో చెప్పమనడం స్వేచ్ఛ. హద్దులేమీ లేకుండా 'మీ ఇష్టం' అని వదిలేస్తే వెనకబడ్డవాళ్లే ముందు చేతులెత్తేస్తారు.

పేపర్లు దిద్దడం కూడా శైలిలో భాగమే. మార్కులు లేకుండా వ్యాఖ్య మాత్రమే ఇచ్చినప్పుడు ఆసక్తి నిలిచిందని, పక్కన మార్కు చేరగానే ఆ లాభం పోయిందని రూత్ బట్లర్ 1988 ప్రయోగం చూపించింది. కాబట్టి ముందు వ్యాఖ్య ఇచ్చి తప్పు సరిచేయించండి, మార్కు తర్వాత. 'బాగుంది' అన్నది వ్యాఖ్య కాదు. 'మూడో మెట్టులో గుర్తు మారింది, అక్కణ్ణుంచి మళ్లీ చెయ్యి' అన్నది వ్యాఖ్య.

మీ తరగతి ఎలా ఉందో చూసుకోవాలంటే హాజరు పట్టీ జిరాక్స్ తీసుకుని, ఒక వారం పాటు పాఠం గురించి మాట్లాడిన ప్రతి పేరు పక్కన టిక్కు పెట్టండి. టిక్కు పడని పేర్లు ఎవరివో చూసి, వచ్చే వారం ప్రశ్నలు వాళ్ల దగ్గర మొదలుపెట్టండి.