తీగ ఒక పూట, బుర్ర ఒక పూట: ఇంట్లో రీయాంపింగ్

అందరికీ నమస్తే. మిర్యాలగూడ నుంచి, దేవరకొండ నుంచి వచ్చారు, ఇద్దరు తమ్ముళ్లయితే పొద్దున్నే మహబూబ్‌నగర్‌లో బస్సెక్కి నల్లగొండ దాకా వచ్చారు, కాబట్టి నేరుగా విషయంలోకి పోదాం.

మీరంతా కిన్నెర చూసే ఉంటారు. 2022లో పద్మశ్రీ అందుకున్న దర్శనం మొగిలయ్య గారు మన నాగర్‌కర్నూల్ జిల్లా మనిషే, ఆయన చేతిలోని పన్నెండు మెట్ల కిన్నెరను కనీసం టీవీలో అయినా చూసి ఉంటారు. ఆ దండె కింది సొరకాయ బుర్రలు తీసేసి తీగ మీటితే ఎంత వినిపిస్తుంది? మీటిన మనిషికి కూడా సరిగ్గా వినపడదు. ఎలక్ట్రిక్ గిటారుకు ఆ బుర్ర ఏదంటే సౌండు పెంచే ఆంప్, దాని ముందు వరుసగా పెట్టే పెడళ్లు, అంటే సౌండును రకరకాలుగా మార్చే చిన్న పెట్టెలు. కిన్నెరలో తీగనూ బుర్రనూ విడదీయలేం, గిటారులో విడదీయొచ్చు. తీగను ఈరోజు మీటి రికార్డు చేసుకుని, బుర్రను వచ్చే నెల కట్టుకోవచ్చు. రీయాంపింగ్ అంటే ఇదే.

మా దోస్తు ఒకతను పెళ్లిళ్ల బ్యాండులో గిటారు వాయిస్తాడు. ముహూర్తాలున్నన్ని రోజులూ దొరకడు. మొన్న ఆషాఢంలో రెండు రాత్రులు మా ఇంటికొచ్చి ఆరు పాటలకు వాయించి పోయాడు. ఆ రెండు రాత్రులూ నేను ఏ పెడల్ వాడాలన్న ముచ్చటే ఎత్తలేదు. గిటారు కేబుల్ నేరుగా ఇంటర్‌ఫేస్‌లో, అంటే సౌండును కంప్యూటర్‌లోకి పంపే పెట్టెలో పెట్టి, ఇన్‌స్ట్రుమెంట్ బటన్ నొక్కి, 24 బిట్‌లో, గట్టిగా కొట్టినా మీటరు మైనస్ 10 దాటకుండా గెయిన్ పెట్టి రికార్డు చేశాను. డ్రైవ్ (సౌండుకు వచ్చే గరుకు) ఎంత, డిలే (ప్రతిధ్వని) ఎంత అన్నది శ్రావణంలో, ఆయన ఫంక్షన్ హాళ్ల చుట్టూ తిరుగుతున్నప్పుడు, నేనొక్కణ్ణే కూర్చుని తేల్చుకున్నాను. ఒక పాటకైతే డిలే టైమ్ నాలుగు రోజులు మార్చుకుంటూ పోయాను. మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని అట్లా చేయగలమా? పదోసారికి ఆయన వేళ్లు నొప్పి పెడతాయి, నాకేమో మొహమాటం వచ్చి బాగానే ఉందిలే అనేస్తాను.

ప్లగిన్‌తో, అంటే కంప్యూటర్‌లోని సాఫ్ట్‌వేర్‌తో అయ్యే పనికి పెడళ్లు, వైర్లు ఎందుకన్నా అని చాలామంది అడుగుతారు. గిటారు వాయించేటప్పుడు రెండు చేతులూ తీగల మీదే ఉంటాయి. ట్రాక్ తనంతట తాను నడుస్తుంటే ఆ రెండు చేతులూ ఖాళీ. అనలాగ్ డిలే మీద టైమ్ నాబ్‌ను మెల్లగా తిప్పితే స్వరం కిందికీ పైకీ జారుతుంది, ఫీడ్‌బ్యాక్ నాబ్‌ను అంచు దాకా తీసుకెళ్లి, అది అరవబోయే ముందు వెనక్కి లాగొచ్చు. అది కూడా వాయించడమే. నాకు రీయాంపింగ్ మీద ప్రేమ పుట్టింది అక్కడే.

ఇప్పుడు అసలు చిక్కు. ఇంటర్‌ఫేస్ వెనక ఉన్న లైన్ అవుట్‌ను తీసుకొచ్చి పెడల్‌లో పెడితే పని నడుస్తుంది, కానీ సౌండు తప్పుగా ఉంటుంది. లైన్ అవుట్ ప్రమాణం ప్లస్ 4 డీబీయూ, అంటే దాదాపు 1.23 వోల్టులు, పీక్‌లు ఇంకా పైకి పోతాయి. తీగల కింద ఉండి వాటి కదలికను కరెంటుగా మార్చే గిటారు పికప్ ఇచ్చేది మామూలుగా అందులో చిన్న భాగం. బోరు మోటారు ప్రెషర్‌ను నేరుగా బత్తాయి తోట డ్రిప్ పైపులోకి వదిలితే ఏమవుతుందో మీలో రైతు బిడ్డలకు తెలుసు. రెండోది ఇంపీడెన్స్, అంటే సిగ్నల్‌కు ఎదురయ్యే అడ్డు. పికప్ అంటే వేల చుట్ల సన్న తీగ, దాని ఇంపీడెన్స్ వేల ఓమ్‌లలో ఉంటుంది, లైన్ అవుట్‌ది వందల్లోనే. చాలా పెడళ్లు దీన్ని పెద్దగా పట్టించుకోవు. పాతకాలం డిజైన్ ఫజ్ పెడల్ మాత్రం పట్టించుకుంటుంది, అది పికప్‌తో కలిసి ఒకే సర్క్యూట్‌లా పనిచేస్తుంది కాబట్టి, లైన్ అవుట్ నుంచి ఇస్తే గరగరా గీరినట్టు వస్తుంది.

ఈ రెంటికీ మందు రీయాంప్ బాక్స్. ఆ పేరుతో 1990లలో పెట్టె చేసి అమ్మినాయన జాన్ కునిబర్టి అనే అమెరికన్ రికార్డింగ్ ఇంజనీర్. లోపల ఉండేది ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మర్, రెసిస్టర్లు, ఒక వాల్యూమ్ నాబ్. సోల్డరింగ్ వచ్చినవాళ్లు హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో సామాను కొనుక్కుని ఇంట్లోనే చేసుకోవచ్చు.

బాక్స్ నాబ్ ఎక్కడ పెట్టాలి అన్నదాంట్లోనే ఎక్కువమంది తప్పు చేస్తారు, ఇది రాసుకోండి. డ్రై ట్రాక్‌ను, అంటే పెడళ్లు లేకుండా తీసిన ఉత్త గిటారును, బాక్స్ గుండా పంపి, మధ్యలో ఏ పెడలూ లేకుండా, గిటారు పెట్టిన అదే ఇన్‌పుట్‌లోకి తిరిగి తీసుకోండి, గెయిన్ నాబ్‌ను మాత్రం అస్సలు ముట్టొద్దు. కొత్త ట్రాక్ మీటరు పాత ట్రాక్ మీటరుతో సమానంగా వచ్చేదాకా బాక్స్ నాబ్ తిప్పండి. సమానమైందా, ఇక మీ పెడల్‌కు అందేది గిటారు ఇచ్చినంతే. అక్కడ మార్కర్‌తో గీత పెట్టుకోండి.

అట్లా తిరిగొచ్చిన ట్రాక్ కాస్త ఆలస్యంగా వస్తుంది. 48 కిలోహెర్ట్జ్‌లో 48 శాంపిళ్లు ఒక మిల్లీసెకను. ముందు ఒక క్లిక్ శబ్దం పంపి అది ఎన్ని శాంపిళ్లు వెనకబడిందో చూసుకుని అంత ముందుకు జరపండి, లేకపోతే డ్రై ట్రాక్‌తో కలిపినప్పుడు సౌండు డొల్లగా వస్తుంది. ఇంకో జాగ్రత్త, తిరిగొచ్చే ట్రాక్‌ను పంపే అవుట్‌పుట్‌కే కలపకండి. నేనొకసారి రాత్రి పదకొండింటికి ఆ పని చేశాను, అది పెట్టిన కూతకు పక్కింట్లో నిద్రపోతున్న పసిపాప ఉలిక్కిపడి లేచి ఏడ్చింది. ఆ పాప ఏడుపు ఇప్పటికీ గుర్తుంది.

ఇక మన ఇళ్లలో కరెంటు. లాప్‌టాప్ చార్జర్‌కు ఒక ఎర్త్, ఆంప్‌కు ఒక ఎర్త్, మధ్యలో ఆడియో కేబుల్, ఈ చుట్టులోనే 50 హెర్ట్జ్ గుంయ్ మనే మోత పుడుతుంది. బాక్స్‌లోని ట్రాన్స్‌ఫార్మర్ ఆ చుట్టును తెంపుతుంది, బాక్స్ మీద గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ ఉండేది అందుకే. చార్జర్ పీకి బ్యాటరీ మీద నడిపి చూడండి. మోత పోవాలని మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్త్ పిన్ను విరగ్గొట్టేవాళ్లను చూశాను. దయచేసి ఆ పని చేయకండి, గిటారు తీగలు ఎర్త్‌కు కలిసే ఉంటాయి, మీ వేళ్లు ఉండేది వాటి మీదే. మన ఎండలకు నేల ఎండి ఎర్త్ గుంత సరిగ్గా పనిచేయదు, వేసవిలో అప్పుడప్పుడు బకెట్ నీళ్లు పోయండి. ఫ్యాన్ రెగ్యులేటర్ కూడా పికప్‌లో జుయ్ మని దూరుతుంది, డ్రై ట్రాక్‌లో ఒకసారి దూరితే తర్వాత ఎన్ని పెడళ్లు పెట్టినా దాన్ని పెంచడమే అవుతుంది. వాల్వ్ (గాజు గొట్టాల) ఆంప్ ఉన్నవాళ్లు స్పీకర్ గానీ దాని బదులు పెట్టే లోడ్ బాక్స్ గానీ తగిలించకుండా దాన్ని నడపొద్దు, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు.

ఒక్కటి మాత్రం రీయాంపింగ్‌తో రాదు. వాయించే మనిషి తనకు వినపడేదాన్ని బట్టే వాయిస్తాడు. డిస్టార్షన్ వింటుంటే స్వరాన్ని సాగదీస్తాడు, డిలే వింటుంటే ఖాళీ వదులుతాడు. చప్పిడి గిటారు వినిపిస్తూ వాయించమంటే వేళ్లు బిగుసుకుపోతాయి. నా దోస్తుతో మొదటి రాత్రి నేను ఆ తప్పే చేశాను, ఆ రాత్రి తీసిన మూడు పాటల్లో రెండు మళ్లీ తీయాల్సి వచ్చింది. రెండో రాత్రి హెడ్‌ఫోన్స్‌లో ఒక మామూలు ప్లగిన్ డ్రైవ్ వేసి ఇచ్చాను, రికార్డయ్యేది డ్రైనే, ఆయన చెవికి మాత్రం నిండుగా వినిపిస్తుంది. వాయింపు అంతా మారిపోయింది.

ఆయన అనుమతితో ఆ రెండో రాత్రి ట్రాక్ తెచ్చాను. ముందు ఉత్త డ్రై వినిపిస్తాను, తర్వాత ఈ డిలే గుండా పంపుతాను, ఎవరైనా ఇద్దరు ముందుకొచ్చి నాబ్‌లు పట్టుకోండి. ఆంప్ ముందు మైకు పెడుతున్నాను, గాలి చప్పుడు పడుతుంది, ఉక్కపోస్తుందని తెలుసు, అయినా ఒక ఐదు నిమిషాలు ఆ ఫ్యాన్ ఆపండి.