పిలుపు వచ్చింది, ఉద్యోగం మానేయాలా?

యాంకర్: అందరికీ వందనాలండీ. ఒక చెల్లి వాయిస్ మెసేజ్ పంపింది. "దేవుడు నన్ను సేవకు పిలుస్తున్నాడని బలంగా అనిపిస్తోంది. ఉద్యోగం మానేసి ఫుల్ టైమ్ సేవలోకి వచ్చేయనా?" అని. పాస్టర్ గారూ, సూటిగా చెప్పండి.

పాస్టర్: సూటిగా అంటే, రేపే రాజీనామా ఇవ్వొద్దమ్మా. (నవ్వు)

యాంకర్: పాస్టర్‌కే విశ్వాసం లేదంటారు!

పాస్టర్: అననివ్వండి. అపొస్తలుడైన పౌలుని దమస్కు దారిలో ప్రభువే పిలిచాడు, అందులో అనుమానం లేదు. అంతియొకయ సంఘం ఉపవాసముండి, ప్రార్థన చేసి, చేతులుంచి సేవకు పంపింది మాత్రం చాలా ఏళ్ళ తర్వాత. ఈలోగా అరేబియా వెళ్ళాడు, యెరూషలేము వచ్చాడు, తార్సు వెళ్ళిపోయాడు. తోటి సేవకుడు బర్నబా తార్సుదాకా వెతుక్కుంటూ వెళ్ళి తీసుకొచ్చాడు.

యాంకర్: కానీ దమస్కులో వెంటనే ప్రకటించాడు కదండీ?

పాస్టర్: ప్రకటించాడు. సాక్ష్యం చెప్పడానికి ఎవరూ ఆగక్కర్లేదు. మందను కాసే బాధ్యత వేరు. కొత్తగా చేరినవాణ్ణి సంఘానికి అధ్యక్షుడిగా పెట్టొద్దు, గర్వంతో పడిపోతాడు అని తన శిష్యుడు తిమోతికి రాసింది కూడా ఈ పౌలే.

యాంకర్: డబ్బు సంగతి? అసలు టెన్షన్ అక్కడే. ఎవరూ పైకి అడగరు.

పాస్టర్: అడగాలి! కొరింథులో పౌలు అకుల, ప్రిస్కిల్లల ఇంట్లో ఉండి డేరాలు కుట్టాడు. విశ్రాంతి దినాన సమాజమందిరంలో మాట్లాడేవాడు. తర్వాత మాసిదోనియ నుంచి సీల, తిమోతి వచ్చారు. అక్కడి సహోదరులు ఆయన అవసరం తీర్చారు, ఆయన వాక్యం మీదే ఉండిపోయాడు. మనిషి ఒకడే, ఊరు ఒకటే. కొన్నాళ్ళు చేతిపని, కొన్నాళ్ళు పూర్తి సమయం. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆయన సగం సేవకుడని ఎవరైనా అనగలరా?

యాంకర్: మన దగ్గర అంటారండీ. "ఇంకా లోకంలోనే ఉన్నాడు" అని.

పాస్టర్: ఆ మాటే నాకు గిట్టదు. అలాగని, సువార్త ప్రకటించేవాళ్ళు సువార్తవల్లే జీవించాలని ప్రభువు నియమించాడని కూడా ఆయనే రాశాడు. సంఘం సేవకుణ్ణి పోషించడం దయాధర్మం కాదు, బాధ్యత. కొరింథులో తన హక్కు తాను వాడుకోలేదు, అంతే. ఆ నిర్ణయం ఆయనది. ఇంకొకరి మీద రుద్దేది కాదు.

యాంకర్: సరే, మైకు లేని సేవ గురించి చెప్పండి. సేవ అనగానే అందరూ ప్రసంగమే అనుకుంటారు.

పాస్టర్: అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయం. రోజూ జరిగే పంపకంలో గ్రీకు మాట్లాడే విధవరాళ్ళకు అన్యాయం జరుగుతోందని సణుగుడు. ఏడుగురిని ఏర్పరచుకోమని అపొస్తలులు అన్నారు. చూడండి, భోజనాల పనికి అడిగిన అర్హత ఏంటో: మంచిపేరు, ఆత్మ, జ్ఞానం. గొంతు బాగుండాలని లేదు! ఆ ఏడుగురిలో ఫిలిప్పు ఒకడు. తర్వాత సమరయలో సువార్త చెప్పింది ఆయనే. కైసరయలో ఆయన ఇంట్లో పౌలు దిగేనాటికి సువార్తికుడని పేరు. ఆ పేరొచ్చినా, ఈ పుస్తకం రాసిన లూకా ఆయన్ని ఆ ఏడుగురిలో ఒకడనే పరిచయం చేస్తాడు.

యాంకర్: అయితే చెల్లికి ఏం చెబుదాం?

పాస్టర్: ఇప్పుడు సంఘంలో ఏం చేస్తోందో అడగండి. ఎవరూ ముట్టుకోని పని ఒకటి తీసుకుని, జీతం వస్తుండగానే కొంతకాలం చేయమనండి. మంచాన పడ్డవాళ్ళని పలకరించడమో, చిన్నపిల్లలకి వాక్యం చెప్పడమో. ఎవరూ మెచ్చుకోకపోయినా చేయాలనే ఉంటే, ఆమెను బాగా ఎరిగిన పెద్దలూ ఇంట్లోవాళ్ళూ అవుననగలిగితే, అప్పుడు రాజీనామా గురించి మాట్లాడదాం.

యాంకర్: పెద్దలు కాదంటే?

పాస్టర్: ఎందుకు కాదంటున్నారో అడగాలి. తొందర చూసి కాదంటే వినాలి. ఆడపిల్లకి సేవేంటని కాదంటే, రోమా 16 తెరిచి ఫీబే పేరు చూపించమనండి. కెంక్రేయ సంఘ పరిచారకురాలు, పౌలుకే సహాయపడిన మనిషి.

యాంకర్: చెల్లీ, రోమా 16 గుర్తుపెట్టుకో. ఇంకో మెసేజ్ ఉంది, ఈసారి ఒక పాస్టరమ్మ గారిది. అది వచ్చే వారం విందాం. వందనాలు.