ఫ్లాప్ మెట్టా, మాగాణా? పోకర్‌లో పందెం ఎంత వేయాలి

నమస్కారం. అనంతపురం నుంచి చేస్తున్న ఈ పాఠంలో, టెక్సస్ హోల్డెమ్ పోకర్‌లో ఫ్లాప్ (బల్ల మీద అందరికీ కలిపి తెరిచే మొదటి మూడు ముక్కలు) పడిన తరువాత పందెం ఎంత వేయాలన్న ఒక్క విషయాన్నే చెబుతాను. ఆట నియమాలు మీకు తెలుసనే అనుకుంటున్నాను. బల్ల మీద చిప్స్‌కు బదులు చింతగింజలు పెట్టాను. మన రాష్ట్రంలో 1974 నాటి గేమింగ్ చట్టాన్ని 2020లో సవరించి ఆన్‌లైన్ పందాలను కూడా నిషేధించారు. 2025లో పార్లమెంటు చేసిన చట్టం డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా ఆపింది. అందువల్ల మన లెక్కలన్నీ గింజలలోనే సాగుతాయి.

నేను ఆట నేర్చుకునే రోజుల్లో చేతిలో మంచి ముక్కలుంటే నలభై గింజలు, లేకుంటే పది గింజలు వేసేవాణ్ణి. నాలుగు ఆటలు చూసిన మా పెదనాయన, "అబ్బీ, నువ్వు ముక్కలు తిప్పి చూపే పనే లేదు, నీ గింజలే చెప్తాండాయి" అన్నారు. పందెం పరిమాణాన్ని మన చేతిని బట్టి కాక బల్ల మీది మూడు ముక్కలను బట్టి నిర్ణయించాలని నాకు ఆ రోజే అర్థమయింది.

ఇప్పుడు తెర మీద ఇస్పేటు రాజు, ఆఠీను 7, డైమను 2 చూడండి. మూడింటి రంగులు (ఇస్పేటు, ఆఠీను వంటి గుర్తులు) వేరు, అంకెలు ఒకదానికొకటి దూరం. ఇంగ్లీషులో దీన్ని డ్రై, అంటే పొడి ఫ్లాప్ అంటారు. మన సీమ వాళ్లకు మెట్ట ఫ్లాప్ అంటే ఇంకా బాగా తెలుస్తుంది. పాట్‌లో, అంటే అందరూ వేసిన పందాల కుప్పలో 60 గింజలున్నాయి, ఫ్లాప్‌కు ముందు పందెం పెంచింది మనం, బిగ్ బ్లైండ్‌లో (ముక్కలు చూడకముందే తప్పనిసరి పెద్ద పందెం వేసే చోట) కూర్చుని కాల్ చేసింది (మన పందానికి సమానంగా పెట్టింది) ఎదుటివారు అనుకుందాం. రెండు ఆసులు, రెండు రాజులు, ఆసు-రాజు వంటి పెద్ద చేతులు ఆయన దగ్గర ఉండి ఉంటే ముందే మళ్లీ పెంచేవారు కాబట్టి, ఈ ఫ్లాప్ మన వైపే మొగ్గుతుంది. పైగా జత లేని రెండు ముక్కలకు ఫ్లాప్‌లో కనీసం జత కుదరడం మూడింట ఒకసారి మాత్రమే జరుగుతుంది. అందుకే ఇక్కడ పాట్‌లో మూడో వంతు, అంటే 20 గింజలు చాలు. 60 గెలవడానికి 20 పెడుతున్నాం కనుక, చేతిలో ఏమీ లేకపోయినా ఎదుటివారు నాలుగింట ఒకసారి ఫోల్డ్ చేస్తే (చేయి వదిలేస్తే) మనకు నష్టం లేదు. ఫోల్డ్ చేయవలసిన చేయి 20కి ఎలా ఫోల్డ్ అవుతుందో 60కి కూడా అలాగే అవుతుంది. ఎక్కువ పెట్టి మనం కొనేది ఏమీ లేదు.

ముక్కలు ఒకదానికొకటి దగ్గరగా, ఒకే రంగువి కూడా పడే మాగాణి ఫ్లాప్ సంగతి వేరు. ఆఠీను జాకీ, ఆఠీను 10, కళావరు 8 పడ్డాయి, మన చేతిలో రెండు నల్ల ఆసులు ఉన్నాయి. సుంకేశుల నుంచి కేసీ కాలువలోకి నీళ్లు వదిలాక ఆయకట్టులో ఏ మడి ఎప్పుడు తడుస్తుందో చెప్పలేనట్టు, ఇక్కడ తరువాతి ముక్క ఎవరిని గెలిపిస్తుందో చెప్పలేం. ఎదుటివారి చేతిలో రెండు ఆఠీనులుంటే, ఫ్లష్ (ఒకే రంగువి ఐదు ముక్కలు) పూర్తి చేసే ముక్కలు ఇంకా తొమ్మిది ఉన్నాయి. ఆయనకు కనిపించనివి 47 కనుక తరువాతి ముక్కతోనే కుదిరే అవకాశం సుమారు 19 శాతం. మనం 20 వేస్తే, ఆయన 20 పెట్టి మొత్తం 100 ఉన్న పాట్ కోసం ఆడతారు, నష్టం రాకుండా ఉండాలంటే ఆయనకు కావలసిన గెలుపు అవకాశం 20 శాతం. ధర దాదాపు సరిపోయింది, పైగా ఫ్లష్ పడితే తరువాత మన దగ్గర ఇంకా రాబట్టవచ్చు. అదే 40 వేస్తే పాట్ 140 అవుతుంది, ఆయనకు 28 శాతానికి పైగా కావాలి, కాల్ చేయడం ఖరీదైన పని అవుతుంది. రివర్, అంటే చివరిదైన ఐదో ముక్క వరకూ చూస్తే ఫ్లష్ అవకాశం 35 శాతం కదా అని కొందరు అడుగుతారు. నిజమే, అయితే ఆ రెండో ముక్కను చూడడానికి ఆయన టర్న్‌లో (నాలుగో ముక్క పడ్డాక) మళ్లీ చెల్లించవలసి రావచ్చు.

మాగాణి అనగానే ప్రతిసారీ పెద్ద పందెం వేయాలని మాత్రం అనుకోకండి. 8, 7, 6 వంటి ఫ్లాప్ బిగ్ బ్లైండ్‌కే ఎక్కువ కలిసివస్తుంది, ఎందుకంటే 10-9, 5-4, 8-7 వంటి చేతులు ఆయన దగ్గరే ఎక్కువగా ఉంటాయి. అక్కడ మనం చాలాసార్లు చెక్ చేసి (పందెం వేయకుండా ఊరుకుని), వేసిన కొద్దిసార్లు పెద్దగా వేయడం మేలు.

రాణి, రాణి, 5 వంటి జత ఫ్లాప్‌కు మెట్ట లెక్కే వర్తిస్తుంది.

మూడూ ఒకే రంగు పడే ఫ్లాప్ నూటికి సుమారు ఐదుసార్లే వస్తుంది, కానీ కొత్తవారు ఎక్కువగా పొరబడేది అక్కడే. భయంతో పాట్ అంతా వేస్తారు. అప్పుడు ఆ రంగు ముక్క ఒక్కటీ లేని చేతులు వెళ్లిపోతాయి, ఫ్లష్ ఉన్నవారు, ఆ రంగు ఆసు పట్టుకున్నవారు మాత్రం మిగులుతారు. నా అభిప్రాయంలో అక్కడ మూడో వంతు పందెమే మంచిది. బలహీనమైన చేతులను అదీ పంపించేస్తుంది, పైగా ఫ్లష్ ఉన్నవారు తిరిగి రైజ్ చేసినా మనకు పోయేది 20 గింజలే.